రాజా దీన్‌దయాళ్‌ను తలచుకుంటూ: నిజాం ఫొటోగ్రాఫర్‌లోని ఇంజనీరు

పురానాపూల్ పాఠకుడు

సభ్యులందరికీ నమస్కారం. జులై 5 రాజా దీన్‌దయాళ్ కన్నుమూసిన రోజు; అది 1905వ సంవత్సరం. ఆయన పేరెత్తగానే మన హైదరాబాదువాళ్లకు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దర్బారు, వజ్రాల తలపాగాలు, వేట శిబిరాలు, ఫలక్‌నుమా గదులు గుర్తొస్తాయి. ఆయన అసలు చదువు మాత్రం ఎవరి నోటా పెద్దగా వినిపించదు. మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టిన దీన్‌దయాళ్ రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1866లో మధ్య భారతంలోని ఇందూరు (ఇండోర్) పబ్లిక్ వర్క్స్ కార్యాలయంలో ఉద్యోగంలో చేరారు. కెమెరా చేతబట్టింది ఆ తర్వాత చాలా ఏళ్లకు, అంటే 1870ల నడుమన. ఇందూరు మహారాజు రెండో తుకోజీరావు, బ్రిటిష్ ఏజెంటు హెన్రీ డేలీ ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు పర్యటనను ఫొటోలు తీసే అవకాశం దక్కింది. 1880ల మొదట్లో, డేలీ తర్వాత ఏజెంటుగా వచ్చిన లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ అంతా తిరిగి గ్వాలియరు, ఖజురాహో, సాంచీ కట్టడాలను గాజు పలకల మీదికి ఎక్కించారు. ఆ చిత్రాలు 1886లో పుస్తకంగా వచ్చాయి. ఆ రోజుల్లోనే ఆయన సర్కారీ కొలువు వదిలి హైదరాబాదు సంస్థానానికి వచ్చేశారు.

నేను అడగదలచింది ఒకటే. ఇరవై రెండేళ్ల వయసులో మొదలుపెట్టి ఇరవై ఏళ్లపాటు ఇంజనీరింగ్ కార్యాలయంలో గడిపిన మనిషి తర్వాతి ఇరవై ఏళ్లలో తీసిన ఫొటోల్లో ఆ మొదటి ఇరవై ఏళ్లు కనిపిస్తాయా? నాకు కనిపిస్తున్నాయి. అయితే నేను ఇంజనీరును కాను, ఫొటోగ్రాఫరును అంతకన్నా కాను. తెలిసినవారు చెప్పాలి.

విశ్రాంత ఇ.ఇ.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరైనవాణ్ని కనుక ముందుగా ఒక చిన్న సవరణ. ఆయన ఇందూరులో చేసిన ఉద్యోగం హెడ్ ఎస్టిమేటరు, డ్రాఫ్ట్స్‌మన్. మా శాఖ భాషలో చెప్పాలంటే ఫీల్డులో నిలబడి గోడలు కట్టించినవాడు కాదు, బల్ల ముందు కూర్చుని ఆ గోడలకు గీత గీసి, లెక్క కట్టినవాడు. ఈ తేడా చెప్పడం ఆయనను తగ్గించడానికి కాదు. నా ఉద్దేశంలో ఫొటోగ్రఫీకి పనికొచ్చే చదువు సైటు కన్నా ఆ బల్ల దగ్గరే ఎక్కువ దొరుకుతుంది.

ఎస్టిమేటు వేయడం అంటే ఏమిటో మా రంగం బయటివారికి తెలియకపోవచ్చు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పై అధికారి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ప్లాను నా ముందు పరిచి, ఇటుక పని ఎన్ని ఘనపు మీటర్లో తేల్చమన్నారు. నేను గోడల పొడవు, ఎత్తు, మందం గుణించి సంబరంగా అంకె చెప్పాను. ఆయన కాగితం కూడా చూడకుండా, "తలుపులూ కిటికీలూ ఇటుకతోనే కడతావా నాయనా?" అన్నారు. గోడ లెక్కలో నుంచి తలుపు, కిటికీ, వాటి పైనుండే లింటెలు, అల్మరా గూడు ఒక్కొక్కటిగా తీసివేయాలి. ఆ పని నాలుగేళ్లు చేసిన తరువాత ఏ భవనాన్ని చూసినా నాకు ముందు గోడ కనిపించడం మానేసి గోడలోని ఖాళీలు కనిపించడం మొదలైంది. గుడి మండపం ముందు నిలబడ్డా స్తంభాల కన్నా స్తంభాల నడుమ చీకటే ముందు కళ్లబడేది. మా ఆవిడ దీన్ని జబ్బు అనేది.

దీన్‌దయాళ్ గ్వాలియరు కోట చిత్రాలు నేను మొదటిసారి చూసినప్పుడు ఆ జబ్బు ఈయనకూ ఉన్నదనిపించింది. గవాక్షాలు, కమానుల లోపలి నీడలు ఒక్కొక్కటీ ఎంచినట్టు ఉంటాయి. కట్టడం పక్కనో మెట్ల మీదో ఒక మనిషిని నిలబెట్టడం ఆ కాలపు పురావస్తు చిత్రాల్లో మామూలే, ఎత్తు తెలియడానికి. సర్వే చేసేవాడికి ఆ మనిషి లెవెలింగ్ స్టాఫుతో, అంటే ఎత్తులు చూసే అంకెల కర్రతో సమానం.

గాజుపలక

మాది మూడు తరాల స్టూడియో. మా తాతగారు గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్నంలో స్టాండు కెమెరాతో మొదలుపెట్టారు కనుక, ఈ విషయంలో యంత్రం వైపు నుంచి నాలుగు మాటలు చెప్పగలను.

ఆ కెమెరాలో చూసినవారికి తెలుస్తుంది: నెత్తిన నల్లగుడ్డ కప్పుకొని వెనుకనున్న మసకద్దంలోకి చూస్తే లోకమంతా తలకిందులుగా కనిపిస్తుంది. మొదట్లో తల తిరుగుతుంది. అలవాటైన తర్వాత అందులో ఒక మేలున్నది. తలకిందులుగా ఉన్న గోపురాన్ని మనసు గోపురమని గుర్తించదు, గీతలుగా, నలుపు తెలుపు ముక్కలుగా మాత్రమే చూస్తుంది. గీతలు గీసి బతికినవాడికి ఆ అద్దం డ్రాయింగు కాగితంలాగే ఉండి ఉంటుంది.

ఇక రెండో సంగతి. ఎత్తయిన కట్టడాన్ని కింద నిలబడి ఫొటో తీయడానికి కెమెరాను పైకి వంచామంటే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు పైన ఇరుకవుతాయి. ఈ రోజు సెల్‌ఫోనుతో తీసిన ప్రతి గోపురం ఫొటోలోనూ ఈ లోపం ఉంటుంది. దాన్ని తప్పించాలంటే గాజు పలక నేలకు నిట్టనిలువుగా ఉండాలి. కెమెరాను వంచకుండా లెన్సు బిగించిన ముందు చట్రాన్ని మాత్రమే పైకి జరపాలి. మా తాత ఆ చట్రాన్ని జరిపే ముందు, ఒక తాపీమేస్త్రీ దగ్గర తెచ్చుకున్న మట్టపు బుడ్డిని (స్పిరిట్ లెవెల్) కెమెరా నెత్తిన పెట్టి చూసుకునేవారు. దీన్‌దయాళ్ కట్టడాల చిత్రాల్లో నిలువు గీతలు తూగుగుండు వేలాడదీసినట్టు నిలబడతాయి. ఇది కంటి అదృష్టం కాదు, కొలిచి చేసిన పని.

ఆ రోజుల్లో పని ఎంత కష్టమో కూడా చెప్పాలి. 1851లో వచ్చిన తడి పలక పద్ధతిలో గాజు మీద కొలోడియన్ అనే జిగురు ద్రావణం పూసి, సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడిగేయాలి. ఉన్న వ్యవధి పది పదిహేను నిమిషాలు. మన ఎండల్లో అదీ ఉండదు. కనుక ఎక్కడికి వెళ్లినా డార్క్‌రూము గుడారం వెంట వెళ్లాల్సిందే. 1870ల చివర్లో పొడి పలకలు అంగళ్లలోకి వచ్చాక ఆ గుడారం బెడద తీరింది. దీన్‌దయాళ్ సరిగ్గా ఈ మార్పు జరుగుతున్న కాలంలో పైకి వచ్చినవారు. ప్రింటు మాత్రం అప్పటికీ గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద, ఎండలో పెట్టి తీసేదే. నెగటివు ఎంత పెద్దదో ఫొటో అంతే పెద్దది. పెద్ద ఫొటో కావాలంటే పెద్ద గాజు మోయక తప్పదు.

సందేహి

మీరిద్దరూ రాసినది ఆసక్తితో చదివాను. అయితే ఒక అభ్యంతరం ఉన్నది, కోపగించుకోవద్దు. నిలువు గీతలు నిటారుగా ఉండటం ఇంజనీరు లక్షణమైతే, 1863లో ఇండియాకు వచ్చి హిమాలయాలనూ మన కట్టడాలనూ ఫొటోలు తీసిన శామ్యూల్ బోర్న్ సంగతేమిటి? ఆయన ఇంగ్లండులో బ్యాంకు గుమాస్తాగా పనిచేసినవారు. ఆయన చిత్రాల్లోనూ గోడలు నిటారుగానే ఉంటాయి. అంటే అది ఆ కాలపు వృత్తి మర్యాద, పెద్ద కెమెరాతో పని నేర్చిన ప్రతివారికీ అబ్బిన విద్య. గుమాస్తా తీసినా ఇంజనీరు తీసినా చిత్రం ఒకేలా ఉన్నప్పుడు, దీన్‌దయాళ్ చిత్రంలో మాత్రం రూర్కీ కనిపిస్తున్నదనడం మనం ముందే జీవిత చరిత్ర చదివి చిత్రం చూడటం వల్ల కాదా?

ఇంకొకటి. ఇందూరు, సికింద్రాబాదు, 1896 నుంచి బొంబాయి. ఇన్ని చోట్ల స్టూడియోలు నడిచినప్పుడు "రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్" ముద్ర ఉన్న ప్రతి ఫొటో వెనుక నల్లగుడ్డ కప్పుకున్నది ఆయనే అనుకోగలమా? కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ ఉన్నారు, జీతగాళ్లయిన ఆపరేటర్లు ఉన్నారు. మనం ఒక మనిషి కన్ను గురించి మాట్లాడుతున్నామా, ఒక సంస్థ పనితీరు గురించా?

విశ్రాంత ఇ.ఇ.

సందేహి గారి మొదటి అభ్యంతరం న్యాయమైనది; నిలువు గీతల వాదన నేను వదులుకుంటున్నాను. గుమాస్తాగా పనిచేసినవారి మీద మాకున్న చిన్నచూపు మీరు కనిపెట్టేశారు.

రెండో అభ్యంతరం మాత్రం నిజానికి నా వైపు మాట్లాడుతున్నది. సంస్థ పనితీరు అన్నారు కదా, ఇంజనీరు కనిపించేది అక్కడే. ఆయన నెగటివులకు వరుస సంఖ్యలు ఉంటాయి. చాలా ప్రింట్ల అంచున ఆ అంకె తెల్లగా కనబడుతుంది. మా శాఖలో కొలతల పుస్తకం ఉంటుంది, ఎం.బుక్ అంటాం. పేజీకి అంకె, కొలతకు తేదీ, కొట్టివేతకు సంతకం. పేజీ చింపితే ఉద్యోగం పోయినట్టే. ఎన్ని వేల పలకలున్నా, అడిగినవారికి అడిగిన ప్రింటు మళ్లీ తీసివ్వాలంటే అలాంటి క్రమశిక్షణ లేకుండా కుదరదు. ఒక కళాకారుడు ఒక మంచి చిత్రం తీస్తాడు. మూడు ఊళ్లలో స్టూడియోలు పెట్టి, మనుషులను తయారుచేసి, ఎవరు తీసినా ఒక్క చేతితో తీసినట్టుండేలా చూడటం వేరే విద్య.

సరదాకి ఒక ఎస్టిమేటు వేశాను. పన్నెండు అంగుళాలకు పది అంగుళాల గాజు పలక, మందం రెండు మూడు మిల్లీమీటర్లు అనుకుంటే, బరువు సుమారు అరకిలో వస్తుంది. ఒక పర్యటనకు వంద పలకలు తీసుకెళ్తే గాజు ఒక్కటే యాభై కిలోలు. దానికి చెక్క పెట్టెలు, మెత్తలు, కెమెరా, స్టాండు, రసాయనాల సీసాలు, పలకలు కడగడానికి మంచినీళ్లు, పనివాళ్ల తిండి కలపండి. ఎడ్లబండి కుదుపులకు పగిలేవి పదో వంతు అనుకుని అదనంగా తీసుకెళ్లాలి. ఖజురాహో వరకు వెళ్లి రావడం అంటే ముందు కాగితం మీద వెళ్లి రావడమే. ఇరవై ఏళ్లు ఇదే పని చేసినవాడికి ఇది అలవోకగా వచ్చి ఉంటుంది. బోర్న్ గారూ హిమాలయాలకు కూలీల దండుతో వెళ్లారంటారా, ఒప్పుకుంటాను, నన్ను ఇంతటితో వదిలేయండి.

కాజీపేట జంక్షన్

చర్చ సీరియస్‌గా సాగుతున్నది కనుక మా వైపు సంగతి ఒకటి చేరుస్తాను. మాది నెక్కొండ దగ్గరి పల్లె. కాజీపేట నుంచి బెజవాడ వెళ్లే దారిలో రైలు ఆగే ఊరిగానే చాలామందికి తెలుసు. 1902 ఏప్రిల్‌లో వైస్రాయ్ కర్జన్, ఆయన భార్య ఈ ప్రాంతానికి వేటకు వచ్చారు; చంపిన పులి ముందు వారిద్దరూ నిలబడిన ఫొటో దీన్‌దయాళ్ సంస్థదే. ప్రపంచమంతా చూసిన ఆ ఫొటో కింద నెక్కొండ పేరు ఉంటుంది. మా ఊళ్లో నేను అడిగినవాళ్లలో ఆ సంగతి తెలిసినవారు ఒక్కరూ లేరు. అంతకుముందు 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ నిజాం అతిథిగా వచ్చి వేటాడినప్పుడూ కెమెరా వీరిదే. తర్వాత ఇరవై ఒక్క ఏళ్లకు సరయెవోలో ఆయన హత్యతో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది.

నాకు ఆ ఫొటోల్లో దొరలకన్నా పులి మీదే దృష్టి పోతుంది. దాని తల కెమెరా వైపు తిప్పి, చక్కగా అమర్చి ఉంటుంది. అడవిని కదిలించి పులిని తుపాకీ ముందుకు తోలిన మనుషులు ఎక్కడ?

పురానాపూల్ పాఠకుడు

కాజీపేట గారి ప్రశ్నకు కొంత సమాధానం వేరే ఫొటోల్లో ఉన్నది. 1899-1900 నాటి పెద్ద కరవులో, అప్పట్లో నిజాం రాజ్యంలోదే అయిన ఔరంగాబాదు ప్రాంతంలో, కరవు బాధితుల గుంపులను ఈ సంస్థ ఫొటోలు తీసింది. దర్బారు చిత్రాల పక్కన పెట్టి చూస్తే మింగుడు పడదు. ఎముకల గూళ్లలాంటి మనుషులను కూడా దర్బారు ప్రముఖుల మాదిరిగానే వరుసలు కట్టించి, కూర్చున్నవారు ముందు, నిలబడ్డవారు వెనుక, అందరి ముఖాలూ కనిపించేలా అమర్చారు. ఇది దయలేనితనమా, లేక ఒక్కరినీ లెక్కలోంచి జారిపోనివ్వని అలవాటా అని నేను చాలాసార్లు ఆలోచించాను. సర్కారు చేసిన సహాయాన్ని చూపడానికే తీయించిన చిత్రాలవి. అయినా తీయించినవారి పేర్లు మరుగున పడి, చివరికి మనకు మిగిలింది ఆ ముఖాలే.

కోఠి అమ్మాయి

ఇంతమంది పెద్దలు రాశాక నేను రాయవచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నాను. గోషా స్త్రీల కోసం 1892లో ఆయన హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారన్న విషయం ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. అక్కడ ఫొటో తీసేది స్త్రీయే. కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ ఆ స్టూడియోను నడిపారు. మగవారి కంట పడకూడని ఇళ్లలోని ఆడవారు ఎవరి భయమూ లేకుండా కెమెరా ముందు కూర్చోగలిగారు. మా నాయనమ్మకు ఊహ తెలిశాక తీయించుకున్న మొదటి ఫొటో పెళ్లికి కాదు, రేషన్ కార్డుకు. అందులోనూ కొంగు నుదుటి దాకా లాక్కుని ఉంటుంది. అంతకు చాలా ఏళ్ల ముందే ఈ ఊళ్లో అలాంటి చోటు ఒకటి ఉండేదని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు.

దీన్ని వ్యాపార తెలివి అని కొట్టిపారేయవచ్చు. నాకు మాత్రం ఇ.ఇ. గారు చెప్పిన తలుపులూ కిటికీల మాట గుర్తొచ్చింది. గోడలో ఖాళీ ఎక్కడ వదలాలో ఆయనకు తెలుసు.

విశ్రాంత ఇ.ఇ.

అమ్మా, ఆ చివరి వాక్యం నేను రాయవలసింది. నువ్వే రాసినందుకు సంతోషం.

సందేహి

గౌరవాల జాబితా ఒకటి ఎవరో ఒకరు రాయాలి కనుక క్లుప్తంగా నేనే రాస్తాను. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో బహుమతి, 1894లో నిజాం ఇచ్చిన "రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్" బిరుదు, 1897లో విక్టోరియా రాణి నుంచి రాయల్ వారంటు (రాణిగారి ఫొటోగ్రాఫరు అన్న గుర్తింపు), 2006లో మన తపాలా బిళ్ల. వీటిలో నాకు నచ్చింది రెండోదే. సాలార్ జంగ్ లాంటి జంగ్‌లంతా దివానులు, జాగీర్దార్లు, సైన్యాధిపతులు. వారి నడుమ బొమ్మలు తీసే ముసవ్విర్ కూడా ఒక జంగ్ అయ్యాడు. చిత్రకళలో ఉస్తాదులకే ఉస్తాదు అని మహబూబ్ అలీఖాన్ ఆయన మీద ఉర్దూలో రెండు పాదాలు చెప్పారని కూడా అంటారు. పోషకుడికి ఇంజనీరు అక్కర్లేదు, ఉస్తాదు చాలు.

గాజుపలక

ఆ గౌరవాలన్నీ సరే గానీ, నాకు అన్నిటికన్నా పెద్దదనిపించేది 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం ఆయన గాజు నెగటివులు 2857 సేకరించి భద్రపరచడం. ఎందుకంటారా?

మా తాతగారి పలకలు మా ఇంట్లో అటక మీద టేకు పెట్టెల్లో ఉండేవి. నా చిన్నప్పుడు, ఫిల్ము వచ్చేసి వాటితో పనిలేకుండా పోయిన రోజుల్లో, మా నాన్నగారు ఒక వేసవిలో వాటిని దింపారు. గంగాళంలో వేడినీళ్లు కాచి, అందులో కొంచెం చాకలి సోడా వేసి, పలకలు ఒక్కొక్కటిగా నానబెట్టేవారు. కాసేపటికి పూత మెత్తబడి, మీగడ తరకలా లేచేది. దాన్ని బొటనవేలితో తోసేస్తే కింద తేటగా గాజు వచ్చేది. ఆ గాజులను పటాలు కట్టే షావుకారు ఒకాయన డజను లెక్కన కొనుక్కున్నాడు. నా పని తుడిచి ఆరబెట్టడం. తరక లేచే ముందు ఒక్క క్షణం వెలుతురుకు పట్టి చూసేవాణ్ని: నల్లటి పళ్లు, తెల్లటి జుట్టు, నల్ల పంచెలు, ఎవరో పెళ్లివారు, ఎవరో బడిపిల్లలు. మా నాన్న తప్పు చేశారని నేను అనను. ఆ ఏడు మా అక్క పెళ్లి. మా ఊళ్లో ఎన్ని ఇళ్లలో శ్రీరాములవారి పటం మీద ఆ గాజు ఇంకా ఉన్నదో.

అందుకే, ఇ.ఇ. గారు చెప్పిన వరుస సంఖ్యలు చాలా చిన్న విషయంలా కనిపించినా, నాకు అదే అసలు కథ. మా తాత పలకల మీద అంకెలు లేవు. ఏది ఎవరిదో ఆయన ఒక్కరికే తెలుసు. ఆయన పోయిన తర్వాత అవి ఉత్త గాజు పలకలయ్యాయి.

పురానాపూల్ పాఠకుడు

గాజుపలక గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఒక ప్రతిపాదన ఉన్నది. ఇంతసేపు చిత్రాల గురించి మాటలే చెప్పుకున్నాం. 1578లో కట్టిన పురానాపూల్ వంతెన మా ఇంటికి కూతవేటు దూరం. వచ్చే ఆదివారం ఉదయం ఐదున్నరకు, వంతెన మీద కూరగాయల బేరాలు మొదలవకముందే, మూసీ ఒడ్డున నిలబడి కమానులను ఒకే ఒక్క ఫొటో తీద్దాం. ఒక్కొక్కరికి ఒకే అవకాశం, గాజు పలకలాగే. స్టాండు ఉన్నవారు తెచ్చుకోండి. కొలతకు ఒక మనిషి కమాను కింద నిలబడాలి కనుక సందేహి గారు తప్పక రావాలి.

సందేహి

వస్తాను. నా ఎత్తు ఐదడుగుల ఏడు అంగుళాలు; ఫొటో కింద రాసుకోండి.

విశ్రాంత ఇ.ఇ.

మట్టపు బుడ్డి నేను తెస్తాను. తీసిన ప్రతి ఫొటోకూ ఒక అంకె వేయాలి, ఎవరు తీశారో, ఏ తేదీనో, ఎక్కడ నిలబడి తీశారో రాయాలి. పాత ఎం.బుక్ ఒకటి నా దగ్గర ఖాళీగా ఉన్నది.